ఒకటో తరగతికి బద్లీలు

ఆ శనివారానికి పద్మారాణి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి బడి తాళం తీయాలి. మూల గది ఊడ్చి ముగ్గు పెట్టాలి. గుమ్మానికి మామిడాకులు కట్టాలి. పదింటికి పదిహేను మంది పిల్లల్ని వరసగా కూర్చోబెట్టాలి. మధ్యాహ్నానికల్లా ఇంటికి పోయి, పొద్దున వండిపెట్టిన పప్పుతో ఇంత తిని నడుము వాల్చాలి. యాభై ఎనిమిదేళ్ళ బడి ఆయాకు అంతకు మించిన కోరికలేం ఉంటాయి పాపం! కానీ తెల్లారినప్పటి నుంచీ ఆకాశం ముఖం మాడ్చుకునే ఉంది. సూరత్‌లో వానలు మొదలై నాలుగు రోజులైంది. గోడాదరా సందుల్లో మురికినీళ్ళు పిక్కల దాకా నిలిచాయి. మామిడాకుల మోపు నెత్తిన పెట్టుకుని ఆ నీళ్ళలో నడుస్తుంటే, పండుగకు పోతున్నట్టు లేదు ఆమెకు, ఎవరినో సాగనంపి వస్తున్నట్టు ఉంది.

ఆ బడి మూడంతస్తుల మునిసిపాలిటీ కట్టడం. కింద రెండంతస్తుల్లో హిందీ బడి నడుస్తుంది. అక్కడ పిల్లలు కూర్చోను చోటు లేక వరండాలో కూడా పట్టాలు పరుచుకుంటారు. పైన ఉన్నది తెలుగు బడి. పద్మారాణి చిన్నతనంలో మూడంతస్తులూ తెలుగు బడే. సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేయడానికి తెలంగాణ నుంచి వచ్చిన నేత కుటుంబాల పిల్లలు పొద్దునొక జట్టు, మధ్యాహ్నమొక జట్టుగా చదివేవాళ్ళు. ఇప్పుడు ఎనిమిది తరగతులకూ కలిపి అరవై ఒక్క మంది పిల్లలు, ఇద్దరు పంతుళ్ళు మిగిలారు. ఏటా ఒక గది చొప్పున కిందివాళ్ళకు పోతూనే ఉంది. హిందీ బడి పెద్ద సారు ఓంప్రకాష్ మంచివాడే కానీ, ఆయన జేబులో ఎప్పుడూ ఒక కొలత టేపు ఉంటుంది. నమస్కారం పెట్టడానికి పైకి వచ్చినప్పుడు కూడా ఏదో ఒక గోడ కొలిచి పోతాడు.

నెల కిందట పైఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ప్రవేశోత్సవం నాడు ఒకటో తరగతిలో పదిహేను మంది కళ్ళకు కనబడాలి. కనబడకపోతే ఆ ఏడు తరగతి ఉండదు. వచ్చిన నలుగురినీ హిందీ బడిలో కలిపి, ఆ తరగతి నడిచే మూల గది కూడా కింద వాళ్ళకు ఒప్పజెప్పాలి. ప్రవేశోత్సవమంటే ఆ రాష్ట్రంలో ఏటా బడులు తెరిచాక చేసే పండుగ. కొత్తగా చేరే పిల్లలకు బొట్టు పెట్టి, దండ వేసి, పుస్తకాల సంచీ ఇచ్చి, ఒక అధికారి చేయి పట్టుకుని తరగతిలోకి తీసుకుపోతాడు. పెద్ద సారు లింగమూర్తి ఆ కాగితం చదివి వినిపించి కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఈ ఏడు ఒకటి పోతే వచ్చే ఏడు రెండు ఉండదు, ఆ పై ఏడు మూడు ఉండదు. ఎవరూ మూయకుండానే బడి దానంతటది ఇంకిపోతుంది.

పద్మారాణికి ఆ బడి కంటే ముందు మనుమరాలు గుర్తొచ్చింది. ప్రవల్లికకు ఆరేళ్ళు నిండాయి. పద్మారాణి ఆ మూల గదిలోనే పడమటి కిటికీ కింద కూర్చుని మూడో తరగతి దాకా చదివింది. తరువాత తల్లి చనిపోతే కండెలు చుట్టడానికి కూర్చుంది. ఆ మూడేళ్ళ చదువుతోనే ఊరి బస్సు మీది పేరు, శుభలేఖ, ఊరి నుంచి వచ్చిన ఉత్తరం కూడబలుక్కుని చదువుకుంటూ బతుకు వెళ్ళదీసింది. మనుమరాలు ఇంగ్లీషులో రాస్తే తప్పో ఒప్పో ఆమెకు తెలియదు. హిందీలో రాసినా తెలియదు. తెలుగులో రాస్తే మాత్రం పలక దగ్గరికి లాక్కుని, "గీడ దీర్ఘం మర్చిపోయినవ్ బిడ్డా" అని చెప్పగలదు. ప్రపంచంలో ఆ పిల్లకు తాను నేర్పగలిగింది అదొక్కటే.

కోడలు ఉదయశ్రీకి ఈ సంగతి తెలుసు. తెలిసినా ఆమె కొంగులో మెయిన్ రోడ్డు మీది ఇంగ్లీషు బడి ఫారం కూడా ఉంది.

"అత్తమ్మా, నాకేం పంతం లేదు. పదిహేను మంది జమైతె మీ మాటనే. జమ కాకపోతె పిల్లను ఇంగ్లీషు బళ్ళె ఏస్త. గాళ్ళు పిల్లలను రాసుకునుడు పండుగ శనివారంతోనే ఆఖరు, పన్నెండున్నరకు బంద్. పన్నెండు దాంక మీకోసం ఆగుత, తర్వాత నన్ను ఏమనొద్దు."

"ఎందుకు జమ కారే? మన తెలుగోళ్ళు ఇంత మంది లేరా గోడాదరాల?"

"ఉన్నరు. అందరి పిల్లలు ఇంగ్లీషు బళ్ళనే ఉన్నరు."

ఆ మాటతో పద్మారాణికి పౌరుషం వచ్చింది. రెండు వారాలు గడప గడపా తిరిగింది. కొందరు టీ పోశారు, కొందరు తలుపు ఓరగా తెరిచి మాట్లాడారు, ఒకావిడ "తెలుగు సదివి ఏం కొలువు జేస్తడు పద్మక్కా, నువ్వే చెప్పు" అని నిలదీసింది. పద్మారాణి ఆవిడ చంటిపిల్లను కాసేపు ఎత్తుకుని ఆడించి వచ్చింది. ఎట్లయితేనేం, పదిహేను పేర్లు పూర్తయ్యాయి. పదిహేనో పేరు ప్రవల్లికది.

మామిడాకులు సగం కట్టేసరికి ఫోను మోగింది. రఘుపతి. ఆయన కొడుకు సంపత్ పేరు జాబితాలో మొట్టమొదటిది.

"అక్కా, తప్పు పట్టకు. మేం బస్సుల ఉన్నం. మా చిన్నాయన బిడ్డ లగ్గం, సిరిసిల్లకు పోతున్నం."

పద్మారాణి స్టూలు మీద నుంచి దిగి కింద కూర్చుంది. "ఇయ్యాలనే పోవాల్నా రఘుపతీ? పండుగ అని నీకు మూడుసార్లు చెప్పిన గదా!"

"లగ్గం నువ్వు చెప్పకముందే కుదిరింది గదక్కా."

"నీ ఒక్కనితోనే పోయిందా, ఇంకెవరన్న ఉన్నరా బస్సుల?"

"మా అన్న పిల్లగాడు, మా సడ్డకుని బిడ్డలిద్దరు, ఎదురింటోళ్ళు, బోరింగు కాడోళ్ళు... అందరం సుట్టాలమే గదక్కా" అన్నాడు రఘుపతి చిన్న గొంతుతో. సంపత్‌తో కలిపి ఆరుగురు పిల్లలు, జాబితాలో సగానికి దగ్గర, పెళ్ళి భోజనానికి పోతూ ఉన్నారు.

లింగమూర్తి సారు గొడుగు మడుచుకుంటూ వచ్చేసరికి ఆమె ఇంకా నేల మీదే ఉంది. సంగతి విని ఆయన గొడుగు మళ్ళీ విప్పాడు, ఎందుకు విప్పాడో ఆయనకే తెలియదు. "తొమ్మిది" అన్నాడు. "ఇక తొమ్మిది మందే. అయిపోయింది పద్మా. ఓంప్రకాష్ సారుకు కబురు పంపు, వచ్చి గది కొలుచుకొమ్మను."

పద్మారాణి కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది. "ఎందుకు సార్ గంత నారాజ్ అయితరు? సుట్టాలకు ఫోన్ గొట్టి బద్లీలను పెట్టుమంట."

సాంచాల కార్ఖానాలో పనిచేసేవాళ్ళకు బద్లీ అంటే విడమర్చి చెప్పక్కర్లేదు. సాంచ ఆగకూడదు. ఊరికి పోవాలనుకున్నవాడు తన చోట ఇంకొకణ్ణి నిలబెట్టి పోవాలి. వాడే బద్లీ. సేఠు వచ్చి సాంచ నడుస్తుందా లేదా అని చూస్తాడు తప్ప, నడిపేవాడి ముఖం చూడడు. బద్లీని పెట్టకుండా పోయినవాడికి తిరిగి వచ్చేసరికి ఆ సాంచ ఉండదు. పద్మారాణి తండ్రి, భర్త, కొడుకు ముగ్గురూ ఈ పద్ధతి మీదే బతికారు. అంచేత ఆమెకు ఇది మోసమని తోచనే లేదు, పైపెచ్చు మర్యాద అనిపించింది.

ఇద్దరు పంతుళ్ళలో రెండో ఆమె విజయశ్రీ మాత్రం అడ్డుపడింది. ఆమె రాజమండ్రి పిల్ల, రైల్వే ఉద్యోగి భార్య. "పద్మగారూ, పిల్లలేమైనా నూలు ఉండలా అండీ, ఒకటి తెగితే ఇంకొకటి అతికించడానికి? ఆఫీసరు పేరు అడిగితే ఏం చెబుతారు?"

"ఎవని బద్లీ వస్తె వాని పేరు చెప్తడు మేడం. సంపత్‌కు బద్లీ వచ్చినోడు సంపత్. అంతే గదా."

లింగమూర్తి సారు వద్దనాలనే నోరు తెరిచాడు. తెరిచిన నోటితోనే మూల గది వైపు, గోడల మీద తాను ముప్పై ఏళ్ళ కిందట రాయించిన అచ్చుల వైపు చూశాడు. "నాకేం తెలియదు. నేను చూడలేదు" అని ఆఫీసు గదిలోకి పోయి తలుపు దగ్గరికి వేసుకున్నాడు.

ఇక్కడే ఒక చిన్న సంగతి ఆయనకు తెలియలేదు. తెలిసి ఉంటే తలుపు వేసుకునేవాడు కాదు. కార్ఖానాల్లో బద్లీ ఒకడు కావాలంటే ముగ్గురికి చెప్పాలి. ఒకడు వస్తానని రాడు, ఒకడు తాగి వస్తాడు, మూడోవాడు నిలబడతాడు. ఇది అందరి ఎముకల్లోనూ ఇంకిన అలవాటు. బస్సులో ఉన్న ఐదు కుటుంబాలకూ పద్మారాణి ఫోన్ చేసి బద్లీలను పెట్టమంది. ఆ ఐదు ఇళ్ళవాళ్ళూ సిగ్గుపడి, ఒక్కొక్కరు మూడేసి ఇళ్ళకు చెప్పారు. మొగుడు తన వైపు ముగ్గురికి చెబితే, పెళ్ళాం ఆ సంగతి తెలియక తన వైపు ముగ్గురికి చెప్పింది. ఇది చాలదన్నట్టు పద్మారాణి తన కొడుకు నరహరికి కూడా చేసింది. అతను షిఫ్టులో ఉన్నాడు.

"ఆరుగురు పిల్లలు గావాలె బిడ్డా, పదింటికి. ఒక్క గంట కూసుంటె చాలు."

"నువ్వు ఫికర్ చెయ్యకమ్మా" అన్నాడు నరహరి. ఫికర్ చేయొద్దన్నవాడు పద్దెనిమిది మందికి చెప్పాడు. వాళ్ళలో తెలుగువాళ్ళు ఏడుగురే. మిగతావాళ్ళు బీహారువాళ్ళు, ఒడియావాళ్ళు. పిల్లలకు సంచీ ఇస్తారట, మిఠాయి పెడతారట అని కూడా ఎవరో కలిపి, ఇంకో పది ఇళ్ళకు చెప్పారు. అది అబద్ధం కాదు, కాకపోతే సంచులు పదిహేనే ఉన్నాయి.

తొమ్మిదిన్నరకు నిఖార్సయిన తొమ్మిది మంది వచ్చారు. ప్రవల్లిక కొత్త గౌనులో, రెండు జడలతో వచ్చి తిన్నగా పడమటి కిటికీ కింద కూర్చుంది. ఉదయశ్రీ కొంగులో ఫారంతో గుమ్మం దగ్గర నిలబడింది. పావుగంటకు ముగ్గురు బద్లీలు వచ్చారు, పన్నెండు. పద్మారాణి దేవుడికి దణ్ణం పెట్టుకుంది. ఇంకో ముగ్గురు వచ్చారు, పదిహేను. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తరువాత పందొమ్మిది అయింది. మంచిదే, ఒకరిద్దరు ఎక్కువుంటే మర్యాద అనుకుంది. ఇరవై ఆరు అయ్యేసరికి నవ్వు ఆగింది. ఆ తరువాత మెట్ల మీద నుంచి వచ్చే అడుగుల చప్పుడు ఆగలేదు.

పాలసీసా నోట్లో ఉన్న చంటిదాన్ని అక్క చంకన వేసుకుని వచ్చింది. అక్కకూ ఒక పేరు చెప్పారు, చంటిదానికీ ఒక పేరు చెప్పారు. నూనూగు మీసాల పిల్లవాడొకడు తలుపుకు నెత్తి తగలకుండా వంగి లోపలికి వచ్చాడు.

"నువ్వేం సదువుతున్నవ్‌రా?" అంది పద్మారాణి హడలిపోయి.

"తొమ్మిదో తరగతి. ఇయ్యాలొక్కనాడు ఒకటో తరగతి."

"వెనకకు పోయి కూసో. గాదు, పండుకో. నీ మీద చాప కప్పుత."

పిల్లల్లో సగం మంది హిందీలో అల్లరి చేస్తున్నారని విజయశ్రీ వచ్చి చెప్పింది. వాళ్ళ తల్లిదండ్రులు నిజానికి ఆ రోజు కింద హిందీ బడిలో చేర్చాల్సినవాళ్ళు. మెట్లు రెండింటికీ ఒకటే కదా, ముందు పైకి పోయి నరహరి మాట నిలబెట్టి, సంచీ తీసుకుని, తరువాత కిందికి దిగొచ్చునని వాళ్ళ లెక్క. దండలు పదిహేనే కావడంతో పద్మారాణి దారాలు తెంపి మనిషికి మూడేసి బంతిపూలు చేతిలో పెట్టింది. ఆఖరికి యాభై ముగ్గురు కూర్చున్నారు. కూర్చున్నారనడం కూడా అబద్ధమే, ఒకరి మీద ఒకరు ఆనుకున్నారు. పైకప్పు నుంచి కారే చినుకులకు తప్పుకునే చోటు కూడా లేదు.

అధికారి రవీంద్రభాయి పదకొండింటికి వచ్చాడు. ముందు కింద హిందీ బడికి పోయాడు. నలభై మంది ఉండాల్సిన ఒకటో తరగతిలో పద్దెనిమిది మందే ఉన్నారు. ఓంప్రకాష్ సారు చేతులు నలుపుకుంటూ వాన, జ్వరాలు అని ఏదో చెప్పాడు. ఆయనకు తన పిల్లలు ఏమయ్యారో నిజంగానే తెలియదు. రవీంద్రభాయి పెదవి విరిచి పైకి ఎక్కాడు. గుమ్మంలో నిలబడి, నోరు తెరిచి, మళ్ళీ కాగితం వైపు చూసుకున్నాడు. కాగితంలో 'పదిహేను మంది అనుమానం' అని ఉంది.

"ఇదేమిటి మాస్టారూ! బడి మూతపడుతుందని మాకు రాశారే!" అన్నాడు హిందీలో. లింగమూర్తి సారు దండ పట్టుకుని నిలబడ్డాడు. ఆయన కూడా అప్పుడే చూస్తున్నాడు.

రవీంద్రభాయి ముందు వరసలో పిల్లవాడి బుగ్గ పుణికి పేరు అడిగాడు.

"సంపత్" అన్నాడు వాడు.

పక్కవాణ్ణి అడిగాడు. వాడూ "సంపత్" అన్నాడు. మూడోవాడు అడగక ముందే లేచి నిలబడి, చేతులు కట్టుకుని, "నేను కూడా సంపత్" అన్నాడు. రఘుపతి ఒక బద్లీని, ఆయన భార్య ఒకణ్ణి, నరహరి ఒకణ్ణి పంపించారు మరి. విజయశ్రీ గోడకు ఆనుకుంది.

పద్మారాణి ముందుకు వచ్చింది. ఆమె హిందీ సూరత్ బజారులో నేర్చుకున్నది, ఎక్కడా ఆగదు. "సాబ్, మా దాంట్ల తాత పేరు మనుమనికి పెడ్తరు. ఒక తాతకు ముగ్గురు కొడుకులు. ముగ్గురికి ఒక్కొక్క కొడుకు. ఇంకేం పేరు పెడ్తరు చెప్పుండ్రి?"

రవీంద్రభాయి తల ఊపాడు. వాళ్ళ ఇంట్లోనూ అట్లాంటి సంగతే ఏదో ఉన్నట్టుంది. "మంచి ఆచారం" అని, "అయితే వీళ్ళకు ఏమైనా వస్తుందా, లేక ఊరికే కూర్చోబెట్టారా? ఒకరిని బోర్డు దగ్గరికి పిలవండి" అన్నాడు.

లింగమూర్తి సారు చూపు యాభై ముఖాల మీద తిరిగి, కిటికీ కింద ఆగింది. ప్రవల్లిక లేచింది. పిల్లల కాళ్ళు తొక్కుకుంటూ వచ్చి, ముక్కు ఎగబీల్చి, సుద్దముక్క పట్టుకుని తన పేరు రాసింది. ప్ర రాసింది, వ రాసింది, లకు గుడి పెట్టి కింద వత్తు కూడా పెట్టింది, క రాసింది. రాసి నానమ్మ వైపు చూసింది. పద్మారాణి బోర్డు దగ్గరికి వెళ్ళింది. ఒక్కొక్క అక్షరం మీదా వేలు పెట్టి "ప్ర... వ... ల్లి... క" అని పైకి చదివింది. ఎవరైనా ఏదైనా పైకి చదివితే తిరిగి అనడం పిల్లల గుణం. తెలుగు పిల్లలు, బీహారు పిల్లలు, ఒడియా పిల్లలు, చాప కింద తొమ్మిదో తరగతి వాడు అందరూ కలిసి "ప్రవల్లికా!" అని అరిచారు. చూరు మీది పావురాలు లేచిపోయాయి.

రవీంద్రభాయి ఫోను తీసి వీడియో పట్టాడు. "ఇంకోసారి" అన్నాడు. ఇంకోసారి అరిచారు.

గుమ్మం దగ్గర ఉదయశ్రీ కళ్ళు తుడుచుకుంటోంది. గోడ గడియారం పన్నెండు చూపించింది. ఆమె కొంగులోంచి ఇంగ్లీషు బడి ఫారం తీసి, నాలుగు ముక్కలు చేసి, వానలోకి విసిరింది. "మీరే గెలిచిండ్రు అత్తమ్మా" అంది. అత్తాకోడళ్ళు పదేళ్ళలో మొదటిసారి ఒకరి చేయి ఒకరు పట్టుకున్నారు. ఆ పట్టుకోవడం సరిగ్గా పావుగంట నిలిచింది.

రవీంద్రభాయికి ఉత్సాహం ఆగడం లేదు. ఎక్కడికి పోయినా పిల్లలు లేరనే మాటే విన్నాడు ఆ మనిషి. మొదటిసారి పిల్లలు పట్టని గది చూశాడు. "ఈ గది ఎంత ఉంటుంది?" అన్నాడు. ఆ మాట కోసమే ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్నట్టు, ఆయన వెనకే పైకి వచ్చిన ఓంప్రకాష్ సారు జేబులోంచి టేపు తీశాడు. పిల్లల నెత్తుల మీదుగా కొలిచి, ముప్పై మందికి మించి కూర్చోబెట్టకూడదని చెప్పాడు.

"యాభై ముగ్గురిని ఇందులో కుక్కడం పాపం. పైగా కారుతోంది" అంటూ రవీంద్రభాయి కలం తీశాడు. "ఇటువంటి తరగతికి నేను న్యాయం చేస్తాను. వరాఛాలో మన కొత్త కట్టడం ఉంది. మూడు గదులు ఖాళీ. కొత్త బెంచీలు, ఫ్యాన్లు, కారని కప్పు. సోమవారం నుంచి తెలుగు ఒకటో తరగతి అక్కడ నడుస్తుంది. ఒక పంతులమ్మ, ఒక ఆయా అక్కడికి. ఈ గది కిందివాళ్ళు వాడుకోవచ్చు."

వరాఛా అంటే వజ్రాలు సానబట్టేవాళ్ళ పేట. అక్కడ తెలుగు మాట వినబడాలంటే దారి తప్పిన తెలుగువాడు ఎవడైనా ఫోన్లో మాట్లాడుతూ పోవాలి. గోడాదరా నుంచి రెండు ఆటోలు మారాలి. పన్నెండు గంటల షిఫ్టు చేసే తండ్రి ఏ పిల్లను దింపి వస్తాడు?

అప్పుడు పద్మారాణి చేయకూడని పని చేసింది, నిజం చెప్పింది. "సాబ్, ఆగుండ్రి. గీళ్ళంత మా పిల్లలు గాదు. మాయి తొమ్మిదే. తక్కినోళ్ళు ఇయ్యాల మందం పిలిస్తె వచ్చినోళ్ళు. కాళ్ళు మొక్కుత, గా కాగితం రాయకుండ్రి."

రవీంద్రభాయి కలం ఆపి, ఆమెను పైనుంచి కిందకు చూసి నవ్వాడు. "ఉద్యోగం దూరమవుతుందని ఇంత అబద్ధమా అమ్మా? కళ్ళారా లెక్కపెట్టాను. చెవులారా విన్నాను. చూశారా మాస్టారూ, మన బడులు బాగుపడకపోవడానికి ఇదే కారణం. సిబ్బందికి కదలడం ఇష్టం ఉండదు." అని లింగమూర్తి సారు వైపు తిరిగాడు. "మీరు చెప్పండి, వీళ్ళంతా మీ పిల్లలేనా?"

అవునంటే తరగతి వరాఛాకు పోతుంది. కాదంటే యాభై మూడులో నలభై నాలుగు దొంగ తలలు లేచి నిలబడతాయి, ఉన్న అరవై ఒక్క మంది బడి కూడా పోతుంది. లింగమూర్తి సారు తన చేతిలోని దండను చూసుకున్నాడు. తరువాత వెళ్ళి దాన్ని రవీంద్రభాయి మెడలో వేశాడు. అదే ఆయన జవాబు. ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి, అధికారి వాటిని ఆనందబాష్పాలనుకుని భుజం తట్టాడు.

మిఠాయి పంచగానే పిల్లలు జారుకున్నారు. పైకి వచ్చిన హిందీ పిల్లలు కిందికి దిగి అక్కడా మిఠాయి తిన్నారు. ఉదయశ్రీ చెప్పులు చేత పట్టుకుని మెయిన్ రోడ్డు దాకా నీళ్ళలో పరుగెత్తింది. ఇంగ్లీషు బడి గేటుకు తాళం వేసి ఉంది. వాచ్‌మన్ వచ్చే ఏడు రమ్మన్నాడు. తిరిగి వచ్చి అత్తకు పీట వేసింది. అన్నం పెట్టి, పప్పు వడ్డించి, నీళ్ళగ్లాసు పక్కన పెట్టి లోపలికి పోయింది. ఆ గ్లాసు పెట్టిన చప్పుడుకే పద్మారాణికి ముద్ద దిగలేదు.

సోమవారం వరాఛాకు ఒక్క పిల్ల కూడా పోలేదు. పోయే తరగతి లేక, తొమ్మిది మందీ నెల తిరిగేలోగా హిందీ బడిలో చేరారు. ప్రవల్లిక కోసం ఓంప్రకాష్ సారు స్వయంగా ఇంటికి వచ్చాడు, పేరు రాసుకున్నాడు, అలవాటు కొద్దీ తలుపు కొలిచి పోయాడు. హిందీ ఒకటో తరగతిని మూల గదిలోనే పెట్టారు. ప్రవల్లిక పడమటి కిటికీ కిందే కూర్చుంటోంది. నానమ్మ కోరుకున్న గదే, కోరుకున్న చోటే. సాయంత్రం హిందీ అక్షరాలు రాసిన పలక తెచ్చి చూపిస్తుంది.

"నానమ్మా, సహీ ఉందా?"

పద్మారాణి పలకను దూరం పెట్టి చూస్తుంది, దగ్గర పెట్టి చూస్తుంది. "మంచిగుంది బిడ్డా" అంటుంది. తప్పు ఎక్కడ ఉందో, అసలు ఉందో లేదో ఆమెకు తెలియదు. పిల్లకు కూడా ఆ సంగతి తెలిసిపోయినట్టుంది. ఈ మధ్య పలక అమ్మకు చూపిస్తోంది.

పెళ్ళి నుంచి వచ్చాక రఘుపతి ఫోన్ చేశాడు. "అక్కా, బద్లీని పెట్టి పోయిన గదా, మా సంపత్ సీటు ఉన్నట్టేనా?"

"ఉంది రఘుపతీ" అంది పద్మారాణి. "మూడున్నయ్."

విజయశ్రీ రెండు వారాలు వరాఛాలోని ఖాళీ గదిలో కూర్చుని, మతిపోతుందేమోనని భయం వేసి, సెలవు పెట్టి రాజమండ్రి పోయింది. వరాఛా తరగతి హాజరు పట్టీ ప్రతివారం గోడాదరాలోనే లింగమూర్తి సారు రాసి ఆఫీసుకు పంపుతాడు. తేదీ మారుతుంది కానీ యాభై మూడు అనే సంఖ్య మారదు. శ్రావణంలో పైఆఫీసు నుంచి అద్దాల చట్రంలో ఒక ప్రశంసాపత్రం వచ్చింది, ఆ ఏడు ఎక్కువ మంది చేరిన ఒకటో తరగతి అదేనట. పద్మారాణి దాన్ని వరాఛాలో నడిమి గదిలో మేకు కొట్టి తగిలించింది.

ఆమె రోజూ రెండు ఆటోలు మారి పోతుంది. మూడు గదులూ ఊడుస్తుంది. కొత్త బెంచీలు తుడుస్తుంది. పదింటికి గంట కొట్టి, కిటికీ పక్క బెంచీలో కూర్చుని, నల్లబల్ల మీద తానే రాసుకున్న అచ్చులు తానే చదువుకుంటుంది. యాభై ముగ్గురికీ ఇప్పుడు బద్లీ ఆమె ఒక్కతే.